తలగాయం తర్వాత తిరిగి పనిలోకి



రోడ్డు ప్రమాదం గురించి పత్రికలో వచ్చే వార్త సాధారణంగా రెండు అంకెలతో ముగుస్తుంది. మరణించినవారు ఇంతమంది, గాయపడినవారు ఇంతమంది. గాయపడినవారు ఆ తర్వాత ఏమయ్యారన్న సంగతి మరునాటి పత్రికలో ఉండదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది మరణించారు. 4,43,366 మంది గాయపడ్డారు. ఇటువంటి ప్రమాదాల బారిన పడేవారిలో అత్యధికులు 18 నుంచి 60 ఏళ్ల లోపువారే. అంటే చదువుకుంటున్నవారు, సంపాదిస్తున్నవారు, ఇల్లు నడుపుతున్నవారు.

వీరిలో తలకు దెబ్బ తగిలినవారిది ఒక ప్రత్యేకమైన సమస్య. కాలు విరిగినవారికి కట్టు కనిపిస్తుంది, చేతికర్ర కనిపిస్తుంది. వారిని చూడగానే పక్కకు జరిగి కూర్చోవడానికి చోటిస్తాం. మెదడుకు గాయమైనవారు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, కుట్లు మాని జుట్టు పెరిగాక, చూడటానికి మామూలుగానే ఉంటారు. ‘బాగానే ఉన్నాడుగా, ఇంకా పనిలోకి పోడేం?’ అంటారు చుట్టుపక్కలవారు. పనిలోకి వెళ్లిన వారం రోజులకే ‘వీడు మునుపటిలా లేడు’ అని అక్కడివారు అంటారు. ఈ రెండు మాటల మధ్య ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకుంటారు.

మెదడుకు గాయమైన మనిషి తిరిగి పనిలోకి ఎలా వెళ్లగలడు, అందుకు ఎవరెవరు ఏమేమి చేయాలి అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం. ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. పూర్తిగా నయమయ్యేదాకా ఆగి, ఆ తర్వాత పనికి వెళ్లడం అనేది ఈ విషయంలో సరైన దారి కాదు. తగిన పనిని, తగిన మోతాదులో, తగిన ఆసరాతో మొదలుపెట్టడం కూడా నయం కావడంలో ఒక భాగమే.

1. మెదడుకు గాయం ఎలా అవుతుంది?

పెద్దవారి మెదడు బరువు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాములు. అది చాలా మెత్తని అవయవం. పుర్రె అనే గట్టి పెట్టెలో, మస్తిష్క మేరుద్రవంలో తేలుతున్నట్టుగా ఉంటుంది. వేగంగా పోతున్న బస్సుకు హఠాత్తుగా బ్రేకు వేస్తే నిలబడిన ప్రయాణికులు ముందుకు తూలుతారు కదా! భౌతికశాస్త్రంలో మీరు చదివిన జడత్వమే ఇందుకు కారణం. తల వేగంగా వెళ్లి దేనికైనా తగిలి ఆగినప్పుడు పుర్రె ఆగుతుంది, లోపలి మెదడు ఆగదు. అది పుర్రె గోడకు కొట్టుకుంటుంది. ఒక్కోసారి వెనక్కు వెళ్లి రెండో వైపు గోడకూ కొట్టుకుంటుంది.

దీనివల్ల మూడు రకాల నష్టాలు జరగవచ్చు. మొదటిది, మెదడు కణజాలం కమిలిపోవడం. రెండవది, రక్తనాళాలు చిట్లి రక్తం గడ్డకట్టి మెదడును నొక్కడం. మూడవది, తల గిరుక్కున తిరిగినప్పుడు నాడీకణాలను ఒకదానితో ఒకటి కలిపే సన్నని పొడుగాటి తంతువులు సాగి దెబ్బతినడం. ఈ మూడవ రకం నష్టం మామూలు స్కాన్‌లో కనిపించకపోవచ్చు. స్కాన్ బాగున్నంత మాత్రాన మెదడు బాగున్నట్టేనని అనుకోకూడదు. వీటికి తోడు, దెబ్బ తగిలిన తర్వాత గంటల్లో, రోజుల్లో మెదడు వాయడం వల్ల, ప్రాణవాయువు చాలకపోవడం వల్ల మరికొంత నష్టం జరుగుతుంది.

పుర్రె అడుగుభాగం ముందువైపున లోపల గరుకుగా ఉంటుంది. అందువల్ల మెదడు ముందుభాగమైన లలాట లంబిక, కణతల దగ్గరి భాగం ఎక్కువగా గాయపడతాయి. పనిని ముందుగా ఆలోచించుకోవడం, వరుసలో పెట్టుకోవడం, కోపాన్ని ఆపుకోవడం, కొత్త విషయాలను గుర్తుంచుకోవడం వంటివి ఈ భాగాలకు సంబంధించినవే. నడక, మాట బాగున్న మనిషికి పని దగ్గర ఇబ్బంది ఎందుకు వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

గాయం తీవ్రతను కొలవడానికి వైద్యులు గ్లాస్గో కోమా స్కేలును వాడతారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరానికి చెందిన టీజ్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు 1974లో దీనిని ప్రకటించారు. కళ్లు తెరవడం, మాట్లాడటం, చెప్పినట్టు కదలడం అనే మూడింటిని చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 13 నుంచి 15 వస్తే స్వల్ప గాయం, 9 నుంచి 12 వస్తే మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. అయితే ఈ కొలత స్పృహ స్థాయిని అంచనా వేయడానికి ఉద్దేశించినది. ఆ మనిషి ఆరు నెలల తర్వాత గల్లాపెట్టె దగ్గర కూర్చొని చిల్లర సరిగా లెక్కపెట్టగలడా అన్నది ఇది చెప్పదు.

2. కనిపించని ఇబ్బందులు

పని దగ్గర ఎదురయ్యే ముఖ్యమైన ఇబ్బందులను ఒక్కొక్కటిగా చూద్దాం.

బడలిక: అందరికంటే ముందుగా అలసిపోవడం. ఇది బద్ధకం కాదు. ఇంతకుముందు అలవాటుగా జరిగిపోయిన పనికి ఇప్పుడు మెదడు ఎక్కువ శ్రమ పడవలసి వస్తుంది. ఉదయం పదింటికి చక్కగా పనిచేసినవారే మధ్యాహ్నం మూడింటికి తప్పులు చేస్తారు.

ఏకాగ్రత: నిశ్శబ్దంగా ఉన్న గదిలో బాగానే లెక్క చేసిన మనిషి, ఫోను మోగుతూ పక్కన ఇద్దరు మాట్లాడుతుంటే అదే లెక్క చేయలేడు.

జ్ఞాపకశక్తి: పాతవి గుర్తుంటాయి. చిన్నప్పటి ఎక్కాలు తప్పు లేకుండా చెబుతాడు. ఇందాక యజమాని చెప్పిన మాట మాత్రం జారిపోతుంది. ఇది చూసినవారు ‘కావాలనే మరచిపోతున్నాడు’ అని అపోహపడతారు.

వేగం: తెలివి తగ్గకపోయినా ఆలోచన నిదానిస్తుంది. మూడు నాలుగు సూచనలు ఒకేసారి చెబితే మొదటిది తప్ప మిగతావి అందవు.

ప్రణాళిక: ఏది ముందు, ఏది తర్వాత అన్నది తోచదు. ఎవరైనా మొదలుపెట్టిస్తే చేస్తాడు, తనంతట తాను మొదలుపెట్టలేడు.

కోపం, తొందరపాటు: మనసులోని మాట నోటికి వచ్చేస్తుంది. చిన్న విషయానికి కేకలు వేసి, తర్వాత బాధపడతాడు.

తన లోపం తనకు తెలియకపోవడం: ఇది అన్నింటికంటే కష్టమైనది. అబద్ధం చెప్పడం గాని, మొండితనం గాని కాదు. తనను తాను గమనించుకునే మెదడు భాగమే దెబ్బతినడం వల్ల ‘నాకేం కాలేదు’ అని నిజంగానే నమ్ముతాడు.

వీటికి తోడు తలనొప్పి, కళ్లు తిరగడం, నిద్ర సరిగా పట్టకపోవడం, దిగులు, కొందరిలో మూర్ఛలు ఉండవచ్చు. వాసన తెలియకుండా పోవడం మరొకటి. వంటవాడికి అది పెద్ద నష్టం. గ్యాసు కారినా, కూర మాడినా అతనికి తెలియదు.

మెదడు గాయం నుంచి కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగానూ, ఆ తర్వాత నెమ్మదిగానూ సాగుతుంది. రెండేళ్ల తర్వాత కూడా మెరుగుదల కనిపించేవారు ఉన్నారు. అయితే అందరూ పాత స్థితికి రారు. వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2009 నాటి ఒక సమీక్ష ప్రకారం, ఇటువంటి గాయమైన తర్వాత ఒకటి రెండు సంవత్సరాలకు సుమారు 40 శాతం మంది తిరిగి పనిలో ఉన్నారు. మిగతావారిలో పనికి పనికిరానివారు ఎందరు, సరైన ఆసరా దొరకనివారు ఎందరు అన్నదే ఆలోచించవలసిన ప్రశ్న.

3. చరిత్ర చెప్పే పాఠాలు

మెదడు గురించి చదివిన ప్రతివారూ ఫినియాస్ గేజ్ పేరు వింటారు. అతడు అమెరికాలో రైలుమార్గం పనుల మేస్త్రీ. వయసు 25. 1848 సెప్టెంబరు 13న వెర్మాంట్ రాష్ట్రంలో బండరాళ్లు పేల్చే పనిలో ఉండగా మందుగుండు పేలి, సుమారు ఒక మీటరు పొడవు, ఆరు కిలోల బరువున్న ఇనుపకడ్డీ అతని చెంప కింద నుంచి దూరి తల పైభాగం గుండా బయటకు వచ్చింది. అతడు బతికాడు. కాని స్వభావం మారిపోయిందని, మునుపటి గేజ్ కాడని స్నేహితులు అన్నారని వైద్యుడు హార్లో రాశాడు. మంచి మేస్త్రీ అని మెచ్చుకున్న యజమానులే అతనికి మళ్లీ ఆ పని ఇవ్వలేదు.

చాలా పుస్తకాల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. మనకు కావలసింది ఆ తర్వాతి భాగం. గేజ్ కొంతకాలం ఒక గుర్రపుశాలలో పనిచేశాడు. 1852లో దక్షిణ అమెరికాలోని చిలీ దేశానికి వెళ్లి, అక్కడ ఏళ్ల తరబడి గుర్రాలను చూసుకుంటూ, గుర్రపు బండ్లు తోలుతూ జీవించాడు. 1860లో మరణించాడు. పదిమంది కూలీలను అదుపులో పెట్టి, క్షణక్షణం నిర్ణయాలు తీసుకోవలసిన మేస్త్రీ పని అతనికి సాగలేదు. రోజూ ఒకే వేళకు లేచి, అవే గుర్రాలను మేపి, వాటిని కట్టి, అదే దారిలో బండి తోలే పని సాగింది. ప్రతిరోజూ ఒకే క్రమంలో నడిచే ఆ పనే అతనికి ఆసరా అయి ఉంటుందని తర్వాతి పరిశోధకులు కొందరు అభిప్రాయపడ్డారు.

మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ నారీ కాంట్రాక్టర్. 1962 మార్చిలో వెస్టిండీస్ పర్యటనలో భారత జట్టు నాయకుడుగా ఉండగా, బార్బడోస్‌తో జరిగిన ఆటలో చార్లీ గ్రిఫిత్ విసిరిన బంతి తలకు తగిలి పుర్రె చిట్లింది. అత్యవసర శస్త్రచికిత్స జరిగింది. రక్తం ఇచ్చినవారిలో వెస్టిండీస్ నాయకుడు ఫ్రాంక్ వారెల్ కూడా ఉన్నాడు. తర్వాత వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో డాక్టర్ జాకబ్ చాందీ అతని తలలో లోహపు పలకను అమర్చారు. 1949లో అక్కడ న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించినది ఆయనే. కాంట్రాక్టర్ మళ్లీ టెస్టు క్రికెట్ ఆడలేదు. కాని దేశవాళీ పోటీల్లోకి తిరిగి వచ్చి 1970-71 వరకు ఆడాడు. తర్వాత యువ ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చాడు. అతడు తిరిగి వచ్చాడా, రాలేదా? టెస్టులు ఒక్కటే కొలత అయితే రాలేదు. ఆటలో జీవించడం కొలత అయితే వచ్చాడు.

మూడవ పాఠం రష్యా నుంచి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అలెగ్జాండర్ లూరియా అనే శాస్త్రవేత్త ఉరల్ పర్వత ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో మెదడు గాయపడిన సైనికులకు శిక్షణ ఇచ్చాడు. వారిలో 1943లో తూటా తగిలిన జాసెట్‌స్కీ అనే యువకుడు ఒక్కొక్క అక్షరాన్ని గుర్తు తెచ్చుకొని రాయబోతే రాయలేకపోయేవాడు. ఆలోచించకుండా, చెయ్యి ఎత్తకుండా మాటంతా ఒక్క బిగిన రాయమంటే చెయ్యి దానంతట అదే రాసింది. ఒక దారి మూసుకుపోతే అదే పనిని మరో దారిలో చేయించవచ్చునన్నది లూరియా చూపిన సూత్రం. పునరావాసానికి నేటికీ అదే పునాది.

4. ‘ముందు శిక్షణ’ నుంచి ‘ముందు పని’కి

పూర్వం మనిషిని శిక్షణ కేంద్రంలో ఉంచి, అన్నీ నేర్పి, తర్వాత పనికి పంపేవారు. మెదడు గాయం విషయంలో దీనికి ఒక చిక్కు ఉంది. ఒకచోట నేర్చుకున్నది మరోచోట వాడుకోవడం ఇటువంటివారికి కష్టం. శిక్షణ కేంద్రంలో చక్కగా బిల్లు రాసిన మనిషి దుకాణంలో తడబడతాడు. అందుకని 1980లలో అమెరికాలోని వర్జీనియాలో పాల్ వీమన్, ఆయన సహచరులు మరో పద్ధతిని వీరికి వర్తింపజేశారు. ముందు మనిషికి తగిన పని చూసి అందులో చేర్చుతారు. అక్కడే, ఆ పని మీదే నేర్పుతారు. నేర్పే సహాయకుడు మొదట రోజంతా పక్కన ఉంటాడు, క్రమంగా తగ్గిస్తూ చివరకు అప్పుడప్పుడు వచ్చి చూసి పోతాడు.

ఈ పద్ధతిలో ప్రధానంగా అయిదు మెట్లు ఉన్నాయి.

మొదటిది, మనిషిని అంచనా వేయడం. ఏది పోయింది అన్నదే కాదు, ఏది మిగిలింది అన్నది కూడా చూడాలి. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2004లో మన దేశస్థుల కోసం మెదడు సామర్థ్యాల పరీక్షల సముదాయాన్ని ప్రచురించింది. వయసును, చదువును లెక్కలోకి తీసుకొని ప్రమాణాలు ఏర్పరచడం అందులో ముఖ్యాంశం. బడికే వెళ్లని రైతును కాగితం, పెన్సిలు పరీక్షతో కొలిచి ‘తెలివి తగ్గింది’ అనడం న్యాయం కాదు కదా!

రెండవది, పనిని అంచనా వేయడం. ఒక ఉద్యోగం పేరు ఒకటే అయినా అందులో ఎన్నో చిన్న పనులు ఉంటాయి. వాటిని విడదీసి రాసుకోవాలి.

మూడవది, రెండింటినీ సరిపోల్చి మార్పులు చేయడం.

నాలుగవది, కొద్ది గంటలతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచడం.

అయిదవది, కుదురుకున్న తర్వాత కూడా కొంతకాలం కనిపెట్టి ఉండటం. కొత్త యజమాని వచ్చినా, కొత్త కంప్యూటరు పెట్టినా మళ్లీ ఇబ్బంది రావచ్చు.

5. ఒక ఉదాహరణ

ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుందో ఊహించి చూద్దాం. ఒక పట్టణంలో బట్టల దుకాణంలో పదేళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా ఉన్నాడనుకోండి. మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. అయిదు నెలలు గడిచాయి. నడక బాగుంది, మాట బాగుంది. వైద్యుడు పనికి వెళ్లవచ్చునన్నాడు. అతడు పాత రోజుల్లోలాగే ఉదయం తొమ్మిదింటికి వెళ్లి రాత్రి తొమ్మిదింటిదాకా ఉన్నాడు. నాలుగో రోజున బిల్లు తప్పు రాశాడు. అయిదో రోజున బేరమాడుతున్న ఒకావిడ మీద కేకలు వేశాడు. యజమాని ‘నాలుగు నెలలు ఇంటి దగ్గరే ఉండవయ్యా’ అన్నాడు. ఆ మాటకు ఇక రావద్దనే అర్థం.

ఇప్పుడు అదే మనిషికి మరో దారి చూద్దాం. గుమాస్తా పనిని ముందుగా విడదీద్దాం. సరుకు వచ్చినప్పుడు బేళ్లు విప్పి తాన్లు లెక్కపెట్టడం, స్టాకు పుస్తకంలో రాయడం, ఖాతాదారులకు బట్ట చూపడం, బిల్లు వేయడం, గల్లా దగ్గర డబ్బు తీసుకోవడం, రాత్రి చిట్టా ఆవర్జా సరిచూడటం. వీటిలో లెక్కపెట్టి రాసుకోవడం నిదానంగా, ఒంటరిగా చేయదగినది. పదేళ్ల అలవాటు కూడా ఉంది. బిల్లు, గల్లా అన్నవి రద్దీలో, తొందరలో చేయవలసినవి.

కనుక మొదటి రెండు వారాలు ఉదయం రెండు గంటలు, రద్దీ లేని వేళ, స్టాకు పుస్తకం పని మాత్రమే. మూడు, నాలుగు వారాల్లో మూడు గంటలు. మధ్యలో పదిహేను నిమిషాలు వెనక గదిలో విశ్రాంతి. తర్వాత అరపూట. రెండో నెలలో ఖాతాదారులకు బట్ట చూపడం కలుపుతారు. బిల్లు వేసినా, దాన్ని ఇంకొకరు సరిచూస్తారు. గల్లా చివరకు. పండగల రద్దీలో కొత్త పనేదీ అప్పగించరు. ఈ కొలతలు అందరికీ ఒకటే కావు. ఒకరికి రెండు వారాలు పట్టేది మరొకరికి రెండు నెలలు పడుతుంది. బడలిక పెరిగితే ఒక మెట్టు దిగి, మళ్లీ ఎక్కాలి.

ఆసరాలు కూడా ఖరీదైనవి కావు. జేబులో ఒక చిన్న పుస్తకం. యజమాని చెప్పినది వెంటనే అందులో రాసుకోవడం. గోడమీద ‘దుకాణం మూసేముందు చేయవలసిన ఏడు పనులు’ అని ఒక అట్ట. సెల్‌ఫోన్‌లో మందుల వేళకు అలారం. కోపం వస్తున్నట్టు అనిపిస్తే పక్కనున్నవాడితో ‘అన్నా, నువ్వు చూడు’ అని చెప్పి లోపలికి వెళ్లిపోవడానికి ముందే కుదుర్చుకున్న ఒప్పందం. యజమాని చేయవలసింది కూడా ఒకటుంది. ఒకసారికి ఒక్క పనే చెప్పి, ‘ఏం చెప్పాను?’ అని తిరిగి చెప్పించుకోవడం.

‘నాకేం కాలేదు’ అని నమ్మే మనిషితో వాదించి ప్రయోజనం లేదు. పని దగ్గరే అతనికి తన స్థితి అర్థమయ్యేలా చేయాలి. రాసిన బిల్లులను అతనిచేతే రెండోసారి సరిచూపిస్తే, ఎన్ని తప్పులు ఎన్ని గంటలకు వచ్చాయో అతనే గుర్తిస్తాడు. మధ్యాహ్నం తప్పులు పెరుగుతున్నాయని ఎవరో చెప్పడం వేరు, తానే గీసుకున్న గీతల్లో చూడటం వేరు.

6. పెద్ద ఆఫీసు లేని చోట

మన దేశంలో ఎక్కువమంది అసంఘటిత రంగంలో పనిచేస్తారు. రైతు కూలీకి, తాపీ పనివాడికి, ఆటో నడిపేవాడికి సెలవు ఇచ్చే అధికారి ఉండడు, సహాయకుణ్ని పంపే సంస్థా ఉండదు. అక్కడ ఆ బాధ్యత కుటుంబం మీద, మేస్త్రీ మీద, తోటి పనివారి మీద పడుతుంది. కాబట్టి ఈ పద్ధతిలోని సూత్రం వారికి తెలియడం మరీ ముఖ్యం.

కొన్ని పనుల్లో జాగ్రత్త తప్పదు. మూర్ఛలు వచ్చే అవకాశం ఉన్నప్పుడు వాహనం నడపడం, పరంజా ఎక్కడం, బావి దగ్గర, తిరిగే యంత్రాల దగ్గర పనిచేయడం ప్రమాదకరం. వైద్యుడు అనుమతించేదాకా వీటికి దూరంగా ఉండాలి. పరంజా ఎక్కలేని తాపీ మేస్త్రీ నేలమీద ఇటుకల లెక్క, కొలతలు చూడగలడు. పురుగుమందు పాళ్లు తప్పే ప్రమాదమున్న రైతు ఆ ఒక్క పనిని ఇంట్లోవారికి అప్పగించి, కలుపు, నీటి తడుల సంగతి తాను చూసుకోగలడు.

ఇంటిపనిని మనం పనిగా లెక్కించం. తలగాయమైన గృహిణి ‘ఇంట్లోనేగా ఉండేది’ అని ఆసుపత్రి నుంచి వచ్చిన మరునాడే వంటగదిలోకి వెళ్లవలసి వస్తుంది. వంట అన్నది ఒకేసారి మూడు పొయ్యిల మీద దృష్టి పెట్టవలసిన పని. ఆమెకూ మెట్లు మెట్లుగా తిరిగి మొదలుపెట్టే హక్కు ఉంది.

పని అంటే జీతం ఒక్కటే కాదన్నది కూడా గుర్తించాలి. పెళ్లిచూపుల్లో మొదటి ప్రశ్న ‘అబ్బాయి ఏం చేస్తుంటాడు?’ అనేదే. పొద్దున లేవడానికి ఒక కారణం, పదిమందిలో ఒక చోటు పనివల్లే వస్తాయి. అవి పోయిన మనిషిలో దిగులు పెరుగుతుంది. దిగులు పెరిగితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మరింత తగ్గుతాయి.

7. చట్టం ఏం చెబుతోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 20వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సంస్థలో ఉద్యోగంలో ఉండగా వైకల్యం ఏర్పడిన ఉద్యోగిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఉన్న పని చేయలేకపోతే అదే జీతంతో, అవే సౌకర్యాలతో మరో పనికి మార్చాలి. అటువంటి పని ఖాళీ లేకపోతే, దొరికేదాకా గాని, పదవీ విరమణ వయసు వచ్చేదాకా గాని అదనపు పోస్టులో ఉంచాలి. అయితే ఈ చట్టం పేర్కొన్న 21 వైకల్యాల జాబితాలో మెదడు గాయం విడిగా లేదు. గాయం వల్ల మిగిలిన లోపం ఏదో, అది జాబితాలోని ఏ రకం కిందికి వస్తుందో చూసి ధ్రువపత్రం పొందవలసి ఉంటుంది. కంటికి కనిపించని లోపాన్ని కాగితం మీద నిరూపించడం సులభం కాదు. అందుకే ఆసుపత్రి కాగితాలను, మెదడు సామర్థ్య పరీక్షల నివేదికలను భద్రపరచుకోవాలి.

నష్టపరిహారం విషయంలో సర్వోన్నత న్యాయస్థానం 2010లో ఒక ముఖ్యమైన సూత్రాన్ని వివరించింది. శరీరానికి కలిగిన వైకల్యం శాతం, సంపాదన శక్తికి కలిగిన నష్టం శాతం ఒకటే కావు. గాయపడిన మనిషి చేసే పని ఏమిటి, ఇప్పుడు ఏమి చేయగలడు అన్నది చూసి లెక్కకట్టాలి. మెదడు గాయమైనవారికి ఇది ఎంతో కీలకం. ఇక 2025లో ఆ న్యాయస్థానమే, రంగులు గుర్తించలేడన్న కారణంతో విధుల నుంచి తప్పించిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు తగిన మరో ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. అది మెదడు గాయం కేసు కాదు. కాని ‘ఈ పనికి తగడు’ అన్నది ‘ఏ పనికీ తగడు’ అనడంతో సమానం కాదన్న నీతి అందులోనూ ఉంది.

8. మీరు చేయగలిగింది

మీ తరగతిలోనే ఒకరు ఇటువంటి గాయం తర్వాత తిరిగి రావచ్చు. విద్యార్థికి చదువే పని కనుక పైన చెప్పిన సూత్రాలన్నీ అక్కడా వర్తిస్తాయి. మొదట కొద్ది గంటలు, ముందు బెంచీలో చోటు, పాఠం నోట్సు ప్రతి, పరీక్షకు అదనపు సమయం కోసం ముందుగానే ఉపాధ్యాయులతో మాట్లాడటం. ఆటల్లో తలకు దెబ్బ తగిలినవారిని అదే రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. అన్నింటికంటే ముఖ్యం, ‘బాగానే ఉన్నావుగా’ అనే మాటను మానుకొని ‘ఇప్పుడు ఎంతవరకు చేయగలవు?’ అని అడగడం నేర్చుకోవాలి.

రేపు మీలో కొందరు వైద్యులవుతారు, కొందరు దుకాణాలు, కార్యాలయాలు నడుపుతారు. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు ‘ఏం పని చేస్తుంటావు?’ అని అడిగే వైద్యుడు, ‘రోజుకు రెండు గంటలు రా, తర్వాత చూద్దాం’ అనే యజమాని ఉంటే, 4,43,366 అనే ఆ అంకెలోని కొందరికైనా సంపాదన నిలుస్తుంది.

ముఖ్యాంశాలు

మెదడు గాయం బయటకు కనిపించదు. స్కాన్ బాగున్నా పని దగ్గర ఇబ్బందులు ఉండవచ్చు. పోయినదాన్ని మాత్రమే కాక మిగిలినదాన్ని కూడా చూసి పని ఎంచుకోవాలి. పనిని విడదీసి, తగిన భాగంతో మొదలుపెట్టి, గంటలను క్రమంగా పెంచాలి. నేర్పవలసిన చోటు పని జరిగే చోటే. చిన్న పుస్తకం, రాసి పెట్టిన వరుస, విశ్రాంతి వంటి సామాన్యమైన ఆసరాలు ఉద్యోగాన్ని నిలబెట్టగలవు.

ఆలోచించండి

1. మీకు తెలిసిన ఏదైనా ఒక వృత్తిని తీసుకొని అందులోని చిన్న పనులను వరుసగా రాయండి. తలగాయమైనవారు మొదటి నెలలో వాటిలో ఏవి చేయవచ్చు? ఎందుకు?

2. ఫినియాస్ గేజ్‌కు మేస్త్రీ పని సాగకపోవడానికి, బండి తోలే పని సాగడానికి గల తేడా ఏమిటి?

3. తన లోపం తనకు తెలియని మనిషికి, అతని మనసు నొప్పించకుండా దానిని ఎలా తెలియజేస్తారు?

4. మీ ఊళ్లోని ఒక చిన్న దుకాణం యజమానికి ఈ పాఠంలోని విషయాన్ని అయిదు వాక్యాల్లో ఎలా చెబుతారు? రాసి చూడండి.